బావి వేరు, ట్యాంకు వేరు: బన్సీలాల్‌పేట నుంచి మర్రిగూడ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలైంది. ఆ ప్రశ్న మా నాయనమ్మది.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావి వీడియోలు మీలో చాలా మంది చూసే ఉంటారు. రాత్రి పూట పసుపు లైట్లు, రాతి మెట్లు, మధ్యలో పచ్చటి నీళ్లు. నేను కూడా వెళ్లి 40 సెకన్ల రీల్ తీసి, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ వేసి పెట్టాను. బాగానే ఆడింది. తర్వాత మర్రిగూడ వెళ్లినప్పుడు మా నాయనమ్మకు చూపించాను. ఫోన్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకుని రెండుసార్లు చూసింది. "మంచిగ జేసిన్రు బిడ్డా" అంది. కాసేపాగి అడిగింది: "మరి ఆ నీళ్లు ఏం జేస్తున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. బావి లోతు చెప్పగలను, ఏ సంవత్సరంలో బాగు చేశారో చెప్పగలను, డ్రోన్ ఏ యాంగిల్‌లో ఎగరేస్తే బాగుంటుందో కూడా చెప్పగలను. నీళ్ల సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. బావి గురించి వీడియో చేసి నీళ్ల గురించి ఆలోచించలేదంటే నాకే సిగ్గనిపించింది.

మర్రిగూడ తెలియని వాళ్ల కోసం చెప్తాను. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని, మాల్ దగ్గర లోపలికి తిరిగితే వస్తుంది. నల్లగొండ జిల్లా. ఈ పేరు పేపర్లలో ఎక్కువగా కనిపించింది ఒకే ఒక్క కారణంతో, అది ఫ్లోరైడ్. ఫ్లోరోసిస్‌తో ఒళ్లంతా వంకర్లు పోయినా నీళ్ల కోసం గొంతెత్తిన అంశల స్వామి మా మండలంలోని శివన్నగూడెం మనిషే. 2023 జనవరిలో ఆయన చనిపోయారు. అలాంటి చోట పుట్టి పెరిగిన ముసలావిడ "నీళ్లు ఏం జేస్తున్నరు" అని అడిగిందంటే, ఆమె ఊరికే మాట కలపడానికి అడగలేదు.

నాకు ఆ ప్రశ్న గట్టిగా తగలడానికి ఇంకో కారణం ఉంది. మా ఊరి అంచున ఒక పాత దిగుడు బావి ఉంది. సగం చెత్త, సగం సర్కారు తుమ్మ. దాన్ని మట్టితో పూడ్చేసి పైన హాలు కడదామని కొందరు అంటున్నారు. బన్సీలాల్‌పేట లాగా లైట్లు పెట్టి కార్యక్రమాలు చేద్దామని కుర్రాళ్లం కొందరం అంటున్నాం. నేనైతే దానికి పీపీటీ కూడా తయారు చేశాను. 12 స్లైడ్లు. వాటిలో నీళ్ల మీద ఒక్క స్లైడ్ కూడా లేదు.

కాబట్టి ఈ ఎపిసోడ్ ఒక రకంగా ఆ పీపీటీకి నేను చేసుకుంటున్న కరెక్షన్.

ముందు బన్సీలాల్‌పేట కథ చూద్దాం. ఈ బావి 17వ శతాబ్దం నాటిదని చెప్తారు. ఆ ప్రాంతం పాత పేరు నాగన్నకుంట. పేరులోనే కుంట ఉంది చూడండి. 1933లో సేఠ్ బన్సీలాల్ అనే వ్యాపారి డబ్బు పెట్టి బావిని బాగు చేయించి, చుట్టూ బస్తీ వేయించారు. అప్పటి నుంచి అది బన్సీలాల్‌పేట అయింది. అంటే మనం 2022లో చూసి మురిసిపోయిన రిపేరు మొదటిది కాదు. దానికి దాదాపు 90 ఏళ్ల ముందే ఒకసారి జరిగింది.

మరి మధ్యలో ఏమైంది? నల్లా వచ్చింది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మెల్లగా ఇంటింటికీ పైపులు వచ్చాయి. ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లొస్తుంటే బావి మెట్లు ఎవరు దిగుతారు? దిగకపోతే పూడిక ఎవరు తీస్తారు? వాడని బావి కొన్నేళ్లకే చెత్తకుండీ అవుతుంది. దశాబ్దాల పాటు బన్సీలాల్‌పేట బావికి జరిగింది అదే. పైనుంచి చూస్తే అక్కడ బావి ఉందని కూడా తెలియనంతగా పూడిపోయింది.

2021లో పని మొదలైంది. జీహెచ్ఎంసీ, మున్సిపల్ శాఖ, కల్పనా రమేశ్ గారి 'ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' కలిసి చేశారు. లారీలకు లారీలు చెత్త, మట్టి తీశారు. లోతు 53 అడుగులు తేలింది. 2022 మార్చిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో కూడా ఈ బావి ప్రస్తావన వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 5న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. ఇప్పుడు అక్కడ పక్కనే ప్లాజా ఉంది, కూర్చునే చోటు ఉంది, సాయంత్రం కార్యక్రమాలు పెట్టుకునే వీలుంది.

ఆ బావిలో పట్టే నీళ్లు దాదాపు 22 లక్షల లీటర్లు. ఈ అంకె నేను రీల్‌లో కూడా వేశాను, పెద్ద అక్షరాలతో. కానీ 22 లక్షల లీటర్లంటే ఎంతో లెక్క వేయలేదు. ఇప్పుడు వేద్దాం.

ఎండాకాలంలో మన వీధుల్లో తిరిగే చిన్న ట్యాంకర్ 5,000 లీటర్లు అనుకోండి. అంటే 440 ట్యాంకర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం జల్ జీవన్ మిషన్‌లో పెట్టుకున్న లెక్క. ఆ లెక్కన 1,000 మంది ఉన్న ఊరికి 40 రోజులు. ఒకే ఒక్క బావి, ఒక్కసారి నిండితే. నేను దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా వాడుకున్నాను.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. పాత నీటి కట్టడాన్ని చూసే చోటుగా మార్చడం అనగానే ప్రపంచం మొత్తం చెప్పే ఉదాహరణ ఇస్తాంబుల్. అక్కడ నగరం కింద ఒక పెద్ద నేలమాళిగ చెరువు లాంటిది ఉంది, బసిలికా సిస్టర్న్ అంటారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాలంలో కట్టారు. 336 స్తంభాలు, ఒక్కోటి 9 మీటర్ల ఎత్తు. పట్టే నీళ్లు సుమారు 8 కోట్ల లీటర్లు. తర్వాత జనం దాన్ని మర్చిపోయారు. 16వ శతాబ్దంలో పెట్రస్ గిల్లియస్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడికి వెళ్లి చూస్తే, ఇళ్లలో నేలకు ఉన్న కన్నాల్లోంచి బకెట్లు వేసి నీళ్లు తోడుకుంటున్నారు, చేపలు కూడా పడుతున్నారు. కింద ఏముందో వాళ్లకు తెలియదు! 1987లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. ఈ మధ్య మళ్లీ రిపేరు చేసి 2022లో కొత్తగా తెరిచారు. 'ఇన్‌ఫెర్నో' సినిమా చూసిన వాళ్లకు క్లైమాక్స్ గుర్తుండే ఉంటుంది.

రెండో ఉదాహరణ హ్యూస్టన్. మన తెలుగువాళ్లు చాలా మంది ఉండే ఊరే. అక్కడ 1926లో నగరానికి తాగునీటి కోసం భూమి కింద పెద్ద కాంక్రీటు ట్యాంకు కట్టారు. 221 స్తంభాలు. లీకేజీ వచ్చింది, ఎక్కడ లీక్ అవుతుందో పట్టుకోలేకపోయారు, 2007లో వాడకం ఆపేశారు. కూల్చేయాల్సింది. పక్కన పార్కు పనులు చేస్తున్న సంస్థ వాళ్లు లోపలికి దిగి చూసి, దీన్ని కూల్చొద్దన్నారు. 2016లో జనానికి తెరిచారు. లోపల చప్పట్లు కొడితే ప్రతిధ్వని 17 సెకన్ల దాకా వినిపిస్తుందట. ఇప్పుడు అక్కడ కళా ప్రదర్శనలు పెడతారు. అడుగున నీళ్లు అద్దం లాగా పల్చగా ఉంటాయి, స్తంభాల నీడ పడటం కోసం.

నా పీపీటీలో ఈ రెండూ ఉన్నాయి. "వాళ్లు చేశారు, మనం ఎందుకు చేయకూడదు" అని కింద రాశాను కూడా. నేను తప్పు చేసింది ఇక్కడే.

ఇస్తాంబుల్‌ది, హ్యూస్టన్‌ది రెండూ ట్యాంకులు. నీళ్లు ఎక్కడి నుంచో కాలువలోనో పైపులోనో వచ్చి అందులో నిలవ ఉండేవి. కింద నేలతో వాటికి సంబంధం లేదు. అసలు సంబంధం ఉండకూడదనే కదా గోడలకు, అడుగుకు గట్టిగా పూత వేసేది. సరఫరా ఆగిపోతే ట్యాంకు పని అయిపోయింది. ఆ తర్వాత దాన్ని మ్యూజియం చేసినా, సంగీతం హాలు చేసినా ఎవరికీ నష్టం లేదు.

బావి అలా కాదు. బావికి నీళ్లు ఎవరూ పంపరు. చుట్టూ ఉన్న నేలలోంచి ఊరుతాయి. మన దగ్గర నేల గురించి కొంచెం చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కింద అంతా గ్రానైటు రాయి. దాని పైన రాయి చితికి మొరంగా మారిన పొర ఉంటుంది. వానలు పడితే ఆ మొరం పొర స్పాంజి లాగా నీళ్లు పీల్చుకుంటుంది. మన పెద్దలు బావి తవ్వింది ఆ స్పాంజిలోకే. రాతి గోడల సందుల్లోంచి నీళ్లు లోపలికి ఊరాలి, ఊట తగ్గినప్పుడు ఇంకా కిందికి దిగి ముంచుకోవాలి. మెట్లు ఉన్నది అందుకే. వానాకాలంలో రెండు మెట్లు దిగితే నీళ్లు, ఏప్రిల్‌లో పాతిక మెట్లు దిగితే నీళ్లు. ఆ మెట్లే ఆ ఊరి వాటర్ మీటర్. ఈ ఏడాది ఎన్ని మెట్లు తేలాయో చూసి యాసంగిలో ఎంత నాటు వేయాలో రైతు లెక్క వేసుకునేవాడు. మోట కొట్టే కాలంలో రోజుకు తోడగలిగింది కూడా ఎద్దుల శక్తి మేరకే. తోడింది తెల్లారేసరికి మళ్లీ ఊరేది.

తర్వాత కరెంటు మోటర్లు వచ్చాయి, తర్వాత బోర్లు వచ్చాయి. బోరు మొరం పొరను దాటి, కింద రాతి పగుళ్లలోకి వెళ్తుంది. వందల అడుగులు. పైన స్పాంజి ఎండిపోయింది, బావి ఎండిపోయింది. ఎండిన బావిలో చెత్త పడింది. కాబట్టి బావి పాడవడానికి జనం నిర్లక్ష్యం ఒక్కటే కారణం అనుకుంటే సగమే అర్థమైనట్టు. నీళ్లు ముందు పోయాయి, చెత్త తర్వాత వచ్చింది.

ఇక్కడే మన ఫ్లోరైడ్ సంగతి కూడా చెప్పాలి. గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాయితో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్ కలిసే అవకాశం. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అనుమతి అని మన ప్రమాణాలు చెప్తాయి. లోతు బోర్ల నీళ్లతో సమస్య ముదిరింది, నిజమే. కానీ "పాత బావులన్నీ అమృతం, బోర్లతోనే విషం వచ్చింది" అని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మకండి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. అప్పటికి మన ఊళ్లలో ఇన్ని బోర్లు లేవు. అంటే బావి నీళ్లు తాగిన వాళ్లకు కూడా వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి సంస్థ తయారు చేస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా దాకా ఆ పేరు వెళ్లింది. మన జిల్లా పేరు ప్రపంచానికి ఎలా తెలిసిందో చూడండి.

కాబట్టి మా ఊరి బావి బాగు చేసి "ఇక తాగండి" అనడం తప్పు. పరీక్ష చేయించకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. తాగడానికి ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఉంది. మరి బావి దేనికి? ఆ స్పాంజిని మళ్లీ తడపడానికి. వాన నీళ్లు ఎంత పైన నిలిస్తే కింద అంత పలచన అవుతుంది. చెట్లకు, పశువులకు, గిన్నెలు బట్టలకు నీళ్లుంటాయి. భగీరథ పైపు ఏదో కారణంతో వారం రోజులు ఆగితే ఊరు ట్యాంకర్ కోసం రోడ్డు మీద నిలబడక్కర్లేదు.

నిండుతుందా అని అడగొచ్చు. మా వైపు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల మీద పడే వాన 70 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు బావి వైపు తిప్పగలిగినా 23 లక్షలు. బన్సీలాల్‌పేట బావంత బావి నిండిపోతుంది! బడి కప్పు, పంచాయతీ కప్పు, గుడి ఆవరణ, పక్కన వీధి కలిపితే ఆ రెండున్నర ఎకరాలు ఎక్కడో కాదు, మా ఊళ్లోనే ఉన్నాయి. దానికి కావాల్సింది ఒక కాలువ, మధ్యలో మట్టి ఆగడానికి ఒక చిన్న గుంత, మురికినీరు అందులో కలవకుండా చూసుకోవడం. డ్రోన్ షాట్‌లో ఇవేవీ కనపడవు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లైట్లు, మెట్లు ఫ్రంట్ ఎండ్. ఆ కాలువ బ్యాక్ ఎండ్. బ్యాక్ ఎండ్ లేకుండా డెమో ఇస్తే ఏమవుతుందో మనలో చాలా మందికి తెలుసు.

ఇది జరిగే పనేనా అంటే, గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లి చూడండి. అక్కడ బడీ బావోలీ అని పెద్ద బావి ఉంది. 2013లో వానలకు దాని గోడ ఒక వైపు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు రాయి రాయి ఏరి, సిమెంటు కాకుండా సున్నంతో మళ్లీ కట్టారు. సున్నం ఎందుకంటే అది గాలి, తేమ ఆడనిస్తుంది. సిమెంటు పూస్తే ఊట దారి మూసుకుపోతుంది, వెనకాల నీటి ఒత్తిడికి గోడ ఉబ్బుతుంది. ఆ బావుల్లో నిలిచిన వాన నీళ్లు అక్కడి తోటలకు, మరమ్మతు పనులకు వాడారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో 'గోల్కొండ మెట్ల బావులు'కు అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది. చూడటానికి జనం వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. బావి తన పని తను చేసుకుంటూ ఉంటుంది.

సరే, ఇప్పుడు సంస్కృతి మాటకు వద్దాం. బావిని 'కల్చరల్ వెన్యూ' చేద్దాం అని నేను నాయనమ్మతో అంటే ఆమెకు అర్థం కాలేదు. పాటలు, ఆటలు పెడతాం అని చెప్పాను. నవ్వింది. "బొడ్డెమ్మను యాడ ఏసేటోళ్లం మరి?" అంది. నిజమే కదా. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు తొమ్మిది రోజులు బొడ్డెమ్మ ఆడి, చివరి రోజు బావిలోనే నిమజ్జనం చేసేవాళ్లు. పిల్లలు బెండు కట్టుకుని ఈత నేర్చుకుంది బావిలోనే. ఊరి కబుర్లన్నీ నీళ్లు ముంచుకునే చోటే. బావిని వేదిక చేసే ఐడియా మనం కొత్తగా కనిపెట్టలేదు. నీళ్లున్నంత కాలం అది వేదికే.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ ముగిస్తే అబద్ధం అవుతుంది. "అందరూ దిగేటోళ్లు గాదు బిడ్డా. కొందరు ఎడంగ నిలబడేటోళ్లు. ఎవరన్న తోడి పోస్తే పట్టుకుపోయేటోళ్లు. మేం దిగేటోళ్లమే. ఆళ్లను చూసుకుంటనే దిగినం." అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో చెరువు నీళ్ల కోసం సత్యాగ్రహం చేయాల్సి వచ్చిన దేశం మనది. మన ఊళ్లలోనూ ఊరి బావి వేరు, వాడ బావి వేరు. కాబట్టి "మన పూర్వీకుల గొప్పతనం" అని బోర్డు పెట్టేటప్పుడు ఆ సంగతి కూడా బోర్డు మీద ఉండాలి. బాగు చేసిన బావి మెట్లు మొదటి రోజు ముందుగా ఎవరు దిగాలో ఊరు ఆలోచించుకోవాలి. టికెట్ పెట్టి, గేటు పెట్టి, పక్క వాడ పిల్లల్ని వాచ్‌మన్‌తో తరిమిస్తే పాత కథే కొత్త లైట్లలో నడుస్తుంది.

ఇప్పుడు నా పీపీటీ మారింది. మొదటి స్లైడ్ మీద బావి ఫొటో తీసేసి, ఊరి మ్యాప్ పెట్టాను. వాన నీళ్లు ఎటు పారుతున్నాయో బాణం గుర్తులు వేసి. రెండో స్లైడ్: పూడిక తీయడం, అడుగున కాంక్రీటు వేయకపోవడం, గోడలకు సున్నం. మూడోది: నీళ్లు జిల్లా ల్యాబ్‌లో పరీక్ష, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఫలితం బావి దగ్గరే గోడ మీద రాయడం. నాలుగోది: మెట్ల మీద అడుగుల గుర్తులు, ఏ నెలలో నీళ్లు ఎంత ఉన్నాయో బడి పిల్లలు రాసుకోవడానికి. కటకటాలు, పిల్లల భద్రత దాని తర్వాత. కార్యక్రమాల వేదిక చివరి స్లైడ్‌లో ఉంది. బావి లోపల కాదు, ఒడ్డున. ఖర్చు కూడా తక్కువే.

పూడ్చేద్దాం అన్న వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాం. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. పిల్లలు పడతారనే భయం నిజం, దోమలు నిజం, ఊరికి హాలు లేకపోవడం నిజం. హాలు ఎక్కడైనా కట్టొచ్చు, బావిని మాత్రం ఇంకో చోటికి మార్చలేం అన్నదొక్కటే మా వాదన. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

మీ ఊళ్లో కూడా ఇలాంటి బావి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఫొటో తీసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎండాకాలంలో ఎన్ని మెట్లు తేలేవి? ఎవరు దిగేవాళ్లు? ఎవరు దిగేవాళ్లు కాదు? వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. రాళ్లను మళ్లీ పేర్చొచ్చు. ఆ జవాబులు తెలిసిన వాళ్లు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు.

మొన్న నాయనమ్మకు కొత్త స్లైడ్లు ఒక్కొక్కటే చదివి వినిపించాను. అన్నీ విని, "గిప్పుడు బాయి లెక్కున్నది" అంది.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.